బంతికంతా ఒకే గుర్తు

చెల్లెలి పెళ్ళికని గుడియాత్తంలో బస్సు దిగేసరికి హేమప్రియ మోస్తున్న బరువులు మూడు. ఒకటి కంచిపట్టు చీర, రెండోది లాప్‌టాప్, మూడోది శుక్రవారం మీటింగులో తాను అనేసి వచ్చిన మాట. మొదటి రెండూ భుజాన వేలాడుతున్నాయి. మూడోదాన్ని ఎక్కడ దించాలో తెలియక గొంతులోనే పెట్టుకుని ఇల్లు చేరింది.

ఆ మాటేమిటో తెలియాలంటే ఆవిడగారి ఉద్యోగం సంగతి కాస్త తెలియాలి. భయపడకండి, తల తినను. కాట్పాడిలో ఫోటోస్టాట్ షాపులకూ బిరియానీ హోటళ్ళకూ మధ్య ఓ మేడ మీద చిన్న కంపెనీ ఉంది. ఆసుపత్రులకీ కాలేజీలకీ డేటా దాచుకునే పెట్టెలు తయారుచేస్తారు. ఆ పెట్టె లోపల కూర్చుని పెత్తనం చేసే ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. మనం ఫైలులో ఏదైనా రాస్తే అది ఠక్కున డిస్కులోకి పోయిందనుకుంటాం. పోదు. కెర్నెల్ దాన్ని మెమరీలో పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు డిస్కుకు పంపుతుంది. ఇంట్లో అంట్లన్నీ సింకులో పడేసి సాయంత్రం తోముకునే రకమన్నమాట.

అలా మెమరీలో పెట్టుకున్న ముక్కకి ఫోలియో అని పేరు. ఒక్కో ఫోలియోలో బోలెడన్ని బ్లాకులుంటాయి. పాత పద్ధతిలో ఫోలియో మొత్తానికీ ఒకటే గుర్తు: ‘ఇది మారింది, డిస్కుకు పంపాలి’ అని. ఒక్క బ్లాకు మారినా సరే, బుట్టెడు బ్లాకుల్నీ మళ్ళీ పంపాల్సిందే. ఇదేం దుబారా అని హేమప్రియకు ఒళ్ళు మండింది. ఏడాదిపాటు కూర్చుని, ప్రతి బ్లాకుకూ విడిగా ఓ గుర్తు పెట్టే కోడ్ రాసింది. మారిన బ్లాకు ఒక్కటే డిస్కుకు పోతుంది, మిగిలినవి హాయిగా పడుకుంటాయి. పెట్టె వేగం చూసి మేనేజరు పద్మనాభన్ ఆఫీసంతటికీ బాదం పాలు పోయించాడు. హేమప్రియ కాళ్ళు కొన్నాళ్ళు నేలమీద ఆనలేదు.

తర్వాత డేటా మాయం కావడం మొదలైంది.

ఎప్పుడూ కాదు, అప్పుడప్పుడు. పరీక్షకని ఒక ఫైలును నిండా రాసేవాళ్ళు. దాని మధ్యలో చిన్న ముక్క దిద్దేవాళ్ళు. ‘అంతా డిస్కుకు చేరింది’ అని కెర్నెల్ చెప్పాక ప్లగ్గు పీకేవాళ్ళు. మళ్ళీ ఆన్ చేసి చూస్తే దిద్దిన ముక్క మాత్రం నిక్షేపంగా ఉండేది. చుట్టూ ఉండాల్సినదంతా సున్నాలు. అదే కనక ఏ ఆసుపత్రి పెట్టెలోనో జరిగి ఉంటే కంపెనీకి తాళం వేసుకుని అందరూ బిరియానీ అమ్ముకోవాల్సి వచ్చేది.

తప్పు రెండు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉండాలి. గుర్తులు పెట్టేది హేమప్రియ కోడ్. ఆ గుర్తులు చూసి బ్లాకుల్ని డిస్కుకు పంపేది సుమిత కోడ్. సుమితది ఒడుగత్తూరు. హేమప్రియ పక్క సీటే. అడిగితే తప్ప మాట్లాడదు, అడిగినా క్లుప్తంగా మాట్లాడుతుంది. ‘సోమవారం లోపల తేల్చండి, లేదంటే ఈ గుర్తుల కోడ్ మొత్తం పీకేసి పాత పద్ధతికే పోదాం’ అన్నాడు పద్మనాభన్ శుక్రవారం మీటింగులో. ఏడాది కష్టం పీకేస్తారనేసరికి హేమప్రియ కుర్చీలోంచి లేచింది. అందరి ముందూ అనేసింది, “సార్, నా గుర్తులు సరిగ్గానే ఉండాయి. పంపేకాడనే తేడా. ఒక ముక్క పంపి, అంతా పంపేసినానని ఫోలియో గుర్తు తుడిచేస్తాండాది సుమిత కోడ్.”

సుమిత తలెత్తి చూసింది, ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం కదా అనుకుంది హేమప్రియ. పద్మనాభన్ అయితే పూర్తి అంగీకారమే అనుకున్నాడు. “సరి. సోమవారం నుంచి సుమిత సపోర్టుకు పోనీ. ఆమె కోడ్ వేరేవాళ్ళు తిరగరాస్తారు” అని తేల్చేశాడు. ఆ కంపెనీలో సపోర్టు అంటే కస్టమర్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఫోన్ చేసి తిట్టే గది. అక్కడికి పోయినవాళ్ళు మళ్ళీ కోడ్ రాసిన దాఖలా లేదు.

తాను చెప్పింది నిజమేనని హేమప్రియకు నమ్మకం. కానీ నమ్మకం వేరు, రుజువు వేరు. బస్సులో కాట్పాడి దాటిన దగ్గర్నుంచీ సుమిత కోడే చదువుతూ వచ్చింది. తప్పు దొరకలేదు. దొరకకపోతే మాత్రమేం, ఎక్కడో ఉండే ఉంటుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆ సమయానికి ఆమెకు గుర్తు రాలేదు, వచ్చుంటే ఈ కథే లేదు.

*

శనివారం సాయంత్రం మండపంలో వడ్డన పెత్తనం లక్ష్మీకాంతమ్మది. హేమప్రియకు నాయనమ్మ. ఆమె బంతి నడిపితే ఒకటే చట్టం: ఒకరు రసం అడిగితే రసం బకెట్టు బంతి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడవాల్సిందే. వద్దన్నవాళ్ళకీ ఒక గరిటె. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోయిస్తుంది. “బంతి అంటే బంతే, ఆకాకునీ విడిగా చూసేదానికి ఇదేమన్నా కాఫీ ఓటలా” అంటుంది.

ఫలితం ఏమిటంటే, మొదటి బంతుల్లో సాంబారు ఆకుల మీంచి టేబుళ్ళ మీదకీ, అక్కడినుంచి పంచెల మీదకీ పారింది. చివరి బంతికి సాంబారు పేరు చెప్పుకుని వేన్నీళ్ళు వచ్చాయి. వంట మేస్త్రీ మునుస్వామి నెత్తి కొట్టుకున్నాడు.

హేమప్రియకు నవ్వాగలేదు. “అవ్వా, నువ్వు చేసేది అచ్చం మా పాత పద్ధతి. ఒక ఆకులో రసం తక్కువైతే బంతికంతా పోస్తాండావు. ఎవురికి కావాల్నో వాళ్ళకే పోస్తే చాలదా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారే.”

“అమ్మ పెట్టదేమో పాపా, ఆడపెళ్ళివాళ్ళు పెట్టాల” అంది లక్ష్మీకాంతమ్మ. “వియ్యంకులు నోరు తెరిచి అడిగేదాకా మనం గరిటె పట్టుకోని నిలబడితే ఇంక మన పరువేముంటాది? వాళ్ళు అడగరు. చచ్చినా అడగరు. అడిగితే వాళ్ళ పరువు పోతాది.”

“అడగాల్సిన పని లేదవ్వా, నా దగ్గర ఒక ఉపాయం ఉండాది.”

ఉపాయం ఇది. ఆకు ఆకు దగ్గరా చిన్న నీళ్ళ బాటిల్ ఒకటి పెడతారు కదా. ఏదైనా కావాల్సినవాళ్ళు బాటిల్‌ను పడుకోబెడితే చాలు. వడ్డించేవాడు పడుకున్న బాటిల్ దగ్గరికే పోయి, ఏం కావాలో కనుక్కుని, వడ్డించి, బాటిల్‌ను నిలబెట్టి వస్తాడు. నిలబడ్డ బాటిల్ జోలికి పోడు. బంతిలో బాటిళ్ళన్నీ నిలబడి ఉంటే ఆ బంతి అయిపోయినట్టు. నోరు తెరిచి అడిగే బాధ లేదు, దుబారా లేదు. చెప్తుంటే హేమప్రియకే తన తెలివికి ముద్దొచ్చింది.

నాయన కన్నప్ప ముఖం వెలిగింది. “పెద్ద పాప చెప్పేది బాగుండాదే. రేపు పగలు బంతులు ఆ పాపే చూసుకోనీ మా” అన్నాడు తల్లితో.

లక్ష్మీకాంతమ్మ ముక్కు విరిచింది. “చూసుకోనీ. చదువుకున్నోళ్ళు బాటిళ్ళు చూసుకుంటారు, మేము మొగాలు చూసుకుంటాము.”

*

ఆదివారం తెల్లవారుజామున చెల్లెలు యోగిత మెడలో తాళి పడింది. అప్పటిదాకా అంతా సవ్యం.

పెళ్ళికొడుకు వైపు పెద్ద దిక్కు ఎల్లప్ప. నాట్రంపల్లి మనిషి, పెళ్ళికొడుక్కు పెదనాయన. కొబ్బరి తోటలెన్ని ఉన్నాయో కోపతాపాలూ అన్ని ఉన్నాయి ఆయనకు. ఎవరిదో పెళ్ళిలో తనకంటే ముందు తన తమ్ముడికి కాఫీ ఇచ్చారని అన్నం ముట్టకుండా బస్సెక్కి ఊరికి పోయిన ఘనుడు. ఆయన్ను చూసి కన్నప్పకు రెండు రోజులుగా బీపీ మాత్ర పనిచేయడం లేదు.

పగటిపూట మొదటి బంతి మగపెళ్ళివాళ్ళది. ఎల్లప్ప నడుమ కూర్చున్నాడు, అటూ ఇటూ ఆయన వర్గమంతా. ఆ సమయానికి హేమప్రియ సామాన్ల గదిలో గుమ్మడికాయ మీద కూర్చుని, చివరిసారని సుమిత కోడ్ మళ్ళీ చదువుతోంది. ఆమె రాలేదని లక్ష్మీకాంతమ్మే బంతి మొదలుపెట్టించింది. ఆకులు పరిచారు, నీళ్ళు చల్లారు, ఉప్పూ ఊరగాయా వేశారు, బాటిళ్ళు నిలబెట్టారు. అంతలో ఫోటోగ్రాఫరు పిలిచాడు, పెళ్ళికూతురి నాయనమ్మ లేకుండా గ్రూప్ ఫోటో తీయనని మొండికేశాడు. “ఒరే మునుస్వామీ, బంతికంతా అన్నీ వడ్డించండ్రా, నేనిప్పుడే వస్తా” అని చెప్పి ఆమె వెళ్ళింది.

వడ్డించేవాళ్ళు పాయసం గిన్నె ఎత్తబోతుండగా, మొదటి వడ్డన ఎప్పుడో అయిపోయిందనుకుని హేమప్రియ పరుగెత్తుకొచ్చింది.

“ఆగండన్నా. బంతికంతా పోవద్దు. నిన్న చెప్పినా కదా, బాటిల్ చూసి పోండి.”

“సరి మా” అన్నాడు మునుస్వామి. కూలి ఇచ్చేవాళ్ళ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు మాటలు చెప్తే, చివర చెప్పినావిడ మాట వినడం అతని వృత్తిధర్మం. మనుషుల్ని గోడ పక్కన నిలబెట్టాడు. పాయసం, వడ, కూటు, పొరియల్, సాంబారు, అన్నీ పొగలు కక్కుతూ వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. అందరి కళ్ళూ బాటిళ్ళ మీద ఉన్నాయి.

హేమప్రియ గట్టిగా, మర్యాదగా విన్నవించింది. “పెద్దలందరికీ నమస్కారం. ఏమన్నా కావాల్నంటే మీ నీళ్ళ బాటిల్ పడుకోబెట్టండి చాలు, మావాళ్ళు పరిగెత్తుకోని వస్తారు.”

బంతి చివర్లో కూర్చున్న ఒక లావుపాటి పిన్నమ్మ వెంటనే బాటిల్ పడుకోబెట్టింది. అయిదుగురు మనుషులు అయిదు బకెట్లతో ఆమె మీద పడ్డారు. సమస్తమూ వడ్డించి, బాటిల్ నిలబెట్టి, గోడ దగ్గరికి వచ్చేశారు. కాసేపటికి ఆమె మళ్ళీ పడుకోబెట్టింది. మళ్ళీ పోయారు. మిగతా బంతి కదల్లేదు. వియ్యంకుల వైపు పెద్దమనుషులు వడ కోసం బాటిల్ పడుకోబెడతారా? వాళ్ళు ఎదురుగోడ మీది క్యాలెండరు చూస్తూ, బిగదీసుకుని, ఉప్పూ ఊరగాయల ముందు ధ్యానంలో కూర్చున్నారు.

హాలు ఆ చివర నిలబడ్డ హేమప్రియకు తలల వెనక ఆకులు కనబడటం లేదు. తలల సందుల్లోంచి బాటిళ్ళు కనబడుతున్నాయి. వరసగా, ఠీవిగా, ఒక్కటీ పడుకోలేదు. ఆహా, ఎంత తృప్తిగా తింటున్నారు, ఎంత తక్కువ పని, అనుకుంది. ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసింది, పాపం, సోమవారం ఆఫీసులో చూపిద్దామని.

“మొదటి బంతి ముగిసింది” అని కేకేశాడు మునుస్వామి. ఆ మాట కోసమే కాచుకున్న రెండో బంతి జనం బిలబిలమంటూ వచ్చి, మన ఊళ్ళ అలవాటు ప్రకారం, కూర్చున్నవాళ్ళ కుర్చీల వెనక నిలబడ్డారు. ఎల్లప్ప కుర్చీని ఎవరో వెనకనుంచి చిన్నగా కదిపారు కూడా.

ఎల్లప్ప తన ఆకును మడిచాడు. తనవైపు కాదు, అవతలికి.

పెళ్ళి భోజనంలో ఆకును తనవైపు మడుచుకుంటారు, చుట్టరికం నిలవాలని. అవతలికి మడిచేది చావింట్లో. ఆయన మడవగానే బంతి మొత్తం మడిచింది. ఆయన లేవగానే బంతి మొత్తం లేచింది. పెద్దాయన లేచాక కూర్చుని తింటే మర్యాద కాదని పాపం ఆ పిన్నమ్మ కూడా సగం వడ చేతిలో పట్టుకుని లేచింది. నాదస్వరం వాయించేవాళ్ళు ఎందుకో ఆపేశారు.

కన్నప్ప ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చాడు. ఆకులు చూశాడు. ఉప్పు, ఊరగాయ, తెల్లటి ఖాళీ. “ఏంది మునుస్వామీ ఇది” అన్నాడు.

“నాదేముందప్పా” అన్నాడు మునుస్వామి గడగడా. “బంతికంతా వడ్డించమని పెద్దమ్మ చెప్పి పోయింది. ఈ పాప వచ్చి అది వద్దు, బాటిల్ చూడమనింది. చూసినాము. అన్నీ నిలబడుకోనే ఉండాయి. ఒక్కటి పడుకునింది, దానికి పెట్టినాము. అన్నీ నిలబడినాక బంతి అయిపోయినట్టే కదా?”

హేమప్రియ ఆ మాట వింది. బంతికంతా వడ్డించాలన్న మాట ముందే ఉంది. బాటిల్ లెక్క తర్వాత వచ్చింది. ముందున్న మాటను ప్రతి బాటిల్ మీదికీ దించకుండా, అన్నీ నిలబెట్టే లెక్క మొదలుపెట్టింది తాను. మొదట్లో అన్నీ పడుకోబెట్టి ఉండాలి. పడుకోబెట్టలేదు. ఒక్క పిన్నమ్మకు పెట్టి, బంతి మొత్తం అయిపోయిందని కేకేయించింది.

అప్పుడే ఆమెకు తన కోడ్ గుర్తొచ్చింది. ఫైలును మొదట నిండా రాస్తే బ్లాకు గుర్తుల అవసరం లేదు, ఫోలియో అంతటికీ ఒకటే గుర్తు సరిపోతుంది. తర్వాత మధ్యలో ఓ చిన్న ముక్క దిద్దినప్పుడే కదా తన కోడ్ వచ్చి బ్లాకు గుర్తులు తగిలించేది. అప్పటికే ఫోలియో అంతా డిస్కుకు పోవాల్సి ఉంటే, ఆ సంగతి బ్లాకు గుర్తులన్నిటి మీదకీ దించిందా తన కోడ్? దించలేదు. దిద్దిన ముక్క ఒక్కదానికే గుర్తు పెట్టింది. సుమిత కోడ్ వచ్చింది, గుర్తున్న ముక్క పంపింది, ఇంకే గుర్తూ లేదు గనక అంతా అయిందని చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది? మునుస్వామి చేసిందే సుమితా చేసింది.

అది తట్టగానే హేమప్రియకు నవ్వొచ్చింది. రాకూడని చోట, రాకూడని సమయంలో, ఆపుకోలేని నవ్వు.

“నవ్వొస్తాండాదా పాపా?” అన్నాడు ఎల్లప్ప. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆయన అరిచినప్పుడు కంటే నెమ్మదిగా మాట్లాడినప్పుడే భయమని నాట్రంపల్లిలో అందరికీ తెలుసు.

హేమప్రియ కంచిపట్టు చీరతో, బకెట్లలోంచి ఒలికిన ఆ సాంబారు నేల మీదే సాగిలపడింది. “తప్పు నాది మామా. నాయనది కాదు, అవ్వది కాదు, వంటోళ్ళది కాదు. బంతికంతా పెట్టమని అవ్వ చెప్పింటే నేనొచ్చి ఆపినాను. మీ ఆకు చూడకుండా బాటిల్ చూసినాను. కొట్టినా పడతా, తిట్టినా పడతా, తినకుండా మాత్రం పోవద్దు.”

ఎల్లప్ప తన జన్మలో ఎన్నో పెళ్ళిళ్ళలో అలిగాడు. అలిగిన ప్రతిసారీ ఇది వాడి తప్పు, అది వీడి తప్పు అని ఒకరినొకరు తోసుకునేవాళ్ళనే చూశాడు. తప్పు నాదని బంతి నడుమ నేలమీద పడ్డ మనిషి దొరకడం ఇదే మొదలు. ఇంత తొందరగా ఒప్పుకుంటే ఇక అలగడానికి మిగిలేదేముంది? పైగా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

“లెయ్యి” అన్నాడు. “ఇంతమంది ముందర అయిన అవమానం, ఇంతమంది ముందరే ఒప్పుకున్నావు, సరిపోయింది. కొత్త ఆకులెయ్యమను. నాకు మాత్రం నువ్వే వడ్డించాల.”

రెండో బంతి జనం గొణుక్కుంటూ వెనక్కి తగ్గారు. అప్పటికి వచ్చిన లక్ష్మీకాంతమ్మ ఒక్క మాటా అనకుండా సాంబారు బకెట్టు తీసి మనవరాలి చేతిలో పెట్టింది. అది వెయ్యి మాటల పెట్టు.

తప్పు ఎక్కడుందో తెలుసు, లాప్‌టాప్ పక్క గదిలోనే ఉంది, చేతిలో చూస్తే సాంబారు. ఎల్లప్ప తినడం మొదలుపెట్టాడు. నిదానంగా, ఒక్కొక్క వడనూ నమిలి, పాయసంలో అప్పళం నలిపి, రసం దోసిట్లో పట్టి జుర్రి, మజ్జిగన్నం దగ్గరికొచ్చి మళ్ళీ సాంబారు అడిగాడు. ఈసారి నోరు తెరిచే అడిగాడు. హేమప్రియ పోసింది. ఆయన ఆకు తనవైపు మడిచేసరికి ఆమె భుజం పీకేసింది.

*

సామాన్ల గదిలో గుమ్మడికాయ మీద కూర్చుని హేమప్రియ తన కోడ్ తెరిచింది. అనుకున్నట్టే ఉంది. ఫోలియోలో ఉన్నదంతా తాజాదైతే ఆ సంగతి బ్లాకులన్నిటికీ చెప్పే కోడ్ వరస ఉంది. ఫోలియో అంతా డిస్కుకు పోవాల్సి ఉంటే ఆ సంగతి చెప్పే వరస లేదు. మర్చిపోయింది. ఏడాది రాసి, అందరికీ చూపించి, బాదం పాలు తాగి, ఆ వరస మర్చిపోయింది. రెండు వరసలు చేర్చింది. పరీక్ష పెట్టింది. ఎన్నిసార్లు ప్లగ్గు పీకినట్టు నటించినా డేటా చెక్కుచెదరలేదు.

ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. కోడ్ బతికింది. ఎవరూ పీకేయరు. ఆ రెండు వరసలూ చడీచప్పుడు లేకుండా దూర్చేస్తే ఎవరికీ తెలియదు కూడా, సుమిత పోయాక అంతా సర్దుకుంది అనుకుంటారు. ఆ ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. వచ్చి కాసేపు ఉల్లిపాయ మూటల మధ్య కూర్చుంది కూడా. తర్వాత, ఇంతమంది ముందర అయిన అవమానం ఇంతమంది ముందరే అన్న మాట చెవిలో మోగింది. తన చీరకంటిన సాంబారు చూసుకుని సిగ్గుపడింది.

పద్మనాభన్‌కు ఫోన్ చేసింది. ఆయన విని, “అయ్యో, పరవాలేదు మా. దొరికింది కదా. సుమితకి రేపు నేను మెల్లగా చెప్తాను లే” అన్నాడు.

“మెల్లగా వద్దు సార్. శుక్రవారం మీటింగులో ఉండినోళ్ళందరినీ ఇప్పుడే వీడియో కాల్‌కు పిలవండి. అందరి ముందర అన్నాను, అందరి ముందరే చెప్పాల.”

ఆదివారం మధ్యాహ్నం మీటింగంటే ఎంత ముచ్చటగా ఉంటుందో చూడండి. ఒకడు లుంగీలో, ఒకడు మంగలి కుర్చీలో, ఒకామె ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డతో, పద్మనాభన్ వెనక ఆరేసిన బనియన్లతో. చివరగా సుమిత వచ్చింది, తలకు ఆముదం పట్టించుకుని, విరబోసుకుని, ఒడుగత్తూరులో వాళ్ళింటి మెట్ల మీదనుంచి. ఏం జరుగుతోందో తెలియని మొహం.

హేమప్రియ ఉన్నదున్నట్టు చెప్పింది. బాటిళ్ళ సంగతి, బంతి సంగతి, ఎల్లప్ప ఆకు సంగతి అన్నీ చెప్పింది. మంగలి కూడా కత్తెర ఆపి విన్నాడు. “తప్పు నూటికి నూరు పాళ్ళు నా కోడ్‌లోనే. సుమిత కోడ్ చేయాల్సిందే చేసింది. శుక్రవారం నేను అన్న మాట వాపసు తీసుకుంటాండాను. సుమితా, సారీ” అంది. అన్నాక గుండెలోంచి బండరాయి దిగినట్టయింది. నిజం చెప్పాలంటే తన మీద తనకు కాస్త గౌరవం కూడా కలిగింది.

“శభాష్” అన్నాడు పద్మనాభన్. “ఇది పెద్ద మనసు. సరి, సుమితా, నువ్వు ఇక్కడే ఉండు, సపోర్టు మాట మరిచిపో. సంతోషమేనా?”

సుమిత జుట్టు ముడి వేసుకుంది. ఆమె అంతసేపు మాట్లాడటం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

“లేదు సార్. శుక్రవారం నన్ను ఒక మాట అడక్కుండా తప్పు నాదే అనింది అక్క. ఈరోజు నన్ను ఒక మాట అడక్కుండా తప్పు నాది కాదనింది. అప్పుడూ అందరితోపాటే తెలిసింది నాకు, ఇప్పుడూ అందరితోపాటే తెలిసింది. పక్క సీటే సార్ మాది. ఆ కోడ్‌లో ఏముండాదో నన్ను అడిగింటే ఇద్దరమూ కూర్చోని చూసుండేవాళ్ళము. నేను సపోర్టుకే పోతాను. ఆడ కస్టమర్లు తిడతారు, తెలుసు. కానీ తిట్టేదానికి ముందు ఫోన్ చేసి నాతో మాట్లాడతారు.”

ఆమె తెర మీదనుంచి పోయింది. మిగతావాళ్ళు ఏదో గొణిగి ఒక్కొక్కరే పోయారు. హేమప్రియ వెంటనే ఫోన్ తీసింది, ఇప్పుడైనా మాట్లాడాలని. సుమిత పేరు వెతికింది. ఇంగ్లీషులో వెతికింది, తమిళంలో వెతికింది, ఆఫీసు పేరు కలిపి వెతికింది. ఏడాదిగా పక్కపక్కనే కూర్చున్న మనిషి నంబరు ఆమె ఫోన్‌లో లేదు.

బయట మూడో బంతికి ఆకులు పరుస్తున్నారు. హేమప్రియ కళ్ళు తుడుచుకుని పద్మనాభన్‌కే మళ్ళీ ఫోన్ చేసింది.

“సార్, సుమిత నంబర్ ఇస్తారా?”